బ్లాకు మీద చుక్కలు

అన్న కూతురు తన కారును తాడు కట్టించి ఈడ్చుకొచ్చి షెడ్డు ముందు ఆపినప్పుడు మేస్త్రమ్మకు కలిగింది జాలి కాదు, సంతోషం. ఆ ఇంటి నుంచి వచ్చిన ఏ బండి చెడిపోయినా ఆమెకు సంతోషమే. మంచిమనిషి అనిపించుకోవాలన్న సరదా ఆమెకు ఎప్పుడో తీరిపోయింది.

"అత్తా, ఇంజన్ నీళ్ళు తాగేస్తోంది," అంది మేనకోడలు, పలకరింపుల జోలికి పోకుండా. "నేనిక్కడికి వచ్చినట్టు నాన్నకు తెలీదు."

"తెలిస్తే?"

"కాళ్ళు విరగ్గొడతాడు."

"ఎవరివి? నీవా, నావా?"

పిల్ల నవ్వలేదు. ఏడ్చి వచ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆదివారం కొండ దారి మీద కార్ల పందెం. ఇన్నేళ్ళూ పక్కన నిలబడి చూడటమే తప్ప పిల్ల పందెంలో ఎన్నడూ స్టీరింగు పట్టలేదు. ఈసారి తన చేత్తో కట్టుకున్న కారు, తనే నడుపుతుంది. ఒకప్పుడు ఎవరింట్లోనో సరుకులు మోసిన మామూలు కారు అది. దానికి ఇంజన్ బలం పెంచే టర్బో తగిలించి, సీట్లు పీకేసి, బానెట్టుకు గాలి కంతలు కోసి, చూస్తేనే భయం వేసేలా తయారుచేసింది. తీరా పరీక్షకు తీసిన ప్రతిసారీ రేడియేటర్లో నీళ్ళు తగ్గిపోతున్నాయి. కింద చూస్తే చుక్క పడిన జాడ లేదు.

"మీ నాన్న ఏమంటాడు?"

"గాస్కెట్ అంటాడు. మార్చాడు. మళ్ళీ తాగింది. మళ్ళీ మార్చాడు."

మేస్త్రమ్మ ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగింది. దాని కొసన నల్లగా ఉండాల్సిన ఆయిల్ చిక్కగా, మెత్తగా, పాలు ఎక్కువ పోసిన కాఫీలా ఉంది. ఆరేళ్ళుగా ఆమెను ఊరంతా పిలిచేది ఆ రంగుతోనే.

కాఫీ. ఎదురుగా ఎవరూ అనరు. వీపు తిప్పితే చాలు, "కాఫీ షెడ్డు," "కాఫీ దగ్గరకిచ్చావా బండి, అయితే పంచదార కూడా ఇవ్వు" అని నవ్వుకుంటారు.

ఇంజన్లో నీళ్ళదో దారి, ఆయిల్‌దో దారి. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోడికోడళ్ళలా పక్కపక్కనే తిరుగుతాయి గానీ కలవకూడదు. కలిశాయా, ఆయిల్‌లోని జిగురు చస్తుంది, ఇనుము ఇనుమును పట్టేసుకుంటుంది, తిరుగుతున్న ఇంజన్ ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. నడిపేవాడు ఏ మలుపులో ఉంటే ఆ మలుపులో వాడి పని అంతే.

ఆరేళ్ళ కిందట అలాగే జరిగింది. అప్పుడు షాపు నాన్నది. అన్న, ఆమె ఇద్దరూ ఆయన కిందే పనిచేసేవాళ్ళు. నాన్నకు ఒక పద్ధతి ఉండేది. ఇంజన్ మీద ఎవరు ఏ పని చేస్తే వాళ్ళు అక్కడ మొనదేలిన ఉలి లాంటి సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో తమ చుక్కలు కొట్టాలి. ఆయనది ఒక చుక్క, అన్నవి రెండు, ఆమెవి మూడు. "పని బాగుంటే పొగడటానికి, బాగాలేకపోతే తిట్టడానికి మనిషి దొరకాలి కదర్రా," అనేవాడు.

ఆ ఏడాది పందెం కారుకు టర్బో తగిలించింది అన్న, ఇంజన్ మూసింది ఆమె. కింది భాగమైన బ్లాకు మీద నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే గాస్కెట్ రేకు పరిచి, పైన మూతలాంటి హెడ్డు కూర్చోబెట్టి, బోల్టులన్నీ వరసలో బిగించి, ఇంజన్ వేడెక్కించి చల్లార్చి, నాన్న నేర్పినట్టే రెండోసారి బిగించి, బ్లాకు మూల మూడు చుక్కలు కొట్టింది. పందెంలో కొండ సగం ఎక్కకముందే ఇంజన్ బిగుసుకుపోయింది. కారు రాతిగోడకు గుద్దుకుంది. నడిపినవాడి కుడి మోకాలు మళ్ళీ ఎప్పటికీ పూర్తిగా వంగలేదు. ఆయిల్ తీసి చూస్తే ఇదే రంగు.

"రెండోసారి బిగించడం మర్చిపోయింది," అన్నాడు అన్న అందరి ముందూ, నొచ్చుకుంటున్నట్టు తల ఊపుతూ. "పాపం, కావాలని చేసిందేం కాదు."

ఆసుపత్రి మంచం మీద నుంచి ఆ డ్రైవరు, "కాఫీ కలిపి తాగించింది నాకు," అన్నాడట. పేరు అలా పుట్టింది. నాన్న ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆమె చేతికి పానా మాత్రం ఇవ్వలేదు. ఆమె ఇంజన్ దగ్గరికి వెళ్తే, "నువ్వు అలసిపోయావు, కూర్చో తల్లీ," అనేవాడు. ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు, షాపు అన్నకు వచ్చింది, ఆమె ఈ రేకుల షెడ్డు వేసుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. కొన్నాళ్ళకు ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది, అది ఇంకో ఎత్తు. రెండోసారి బిగించినట్టు గుర్తుంది. కానీ అందరూ కాదంటున్నప్పుడు గుర్తెంత, దాని బతుకెంత? అప్పటి నుంచి ఏ ఇంజన్ మూసినా బోల్టులు ఒకసారి బిగించి, వెళ్ళి చేతులు కడుక్కుని, మళ్ళీ వచ్చి చూసి, ఇంటి దారి పట్టాక మళ్ళీ వెనక్కొచ్చి చూసేది. తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేశాడు అన్న. దానికి ఆమె అతన్ని తిట్టని రోజు లేదు, తప్పు తనదేనేమో అనుకోని రోజూ లేదు.

"గాస్కెట్టే అంటావా అత్తా?" మేనకోడలు అడిగింది.

"అనను. చూస్తాను."

ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పించింది. నాలుగూ ఒకే రంగులో ఉన్నాయి. గాస్కెట్ పోయి నీళ్ళు సిలిండర్లోకి దిగుతుంటే ఆవిరి కొట్టి ఒక ప్లగ్గయినా కడిగినట్టు మెరవాలి. మెరవలేదు. ఒక్క నిమిషం మాత్రం ఇంజన్ తిప్పి, రేడియేటర్ మూతి మీద పరీక్ష మందు పెట్టింది. మంట గాలి నీళ్ళలోకి వస్తుంటే ఆ నీలం మందు పసుపవుతుంది. నీలంగానే ఉండిపోయింది. సైలెన్సర్లోంచి తెల్లపొగ లేదు. ఆయిల్ చల్లబరిచే డబ్బా మీద అనుమానంతో దాన్ని దారిలోంచి తప్పించి, చేతి పంపుతో రేడియేటర్లోకి గాలి కొట్టి పంపు మీది ఒత్తిడి ముల్లు చూసింది. ముల్లు పడిపోలేదు.

"మరి బాగానే ఉందిగా?" అంది పిల్ల ఆశగా.

"చల్లగా ఉన్నప్పుడు అందరూ బుద్ధిమంతులే," అంది మేస్త్రమ్మ.

చెడిపోయిన ఆయిల్ దింపేసింది. ముందు నీళ్ళు పడ్డాయి, తర్వాత కాఫీ పడింది. కింద ఆయిల్ చాంబర్ విప్పి తీసేసింది. ఇప్పుడు కిందకెళ్ళి పడుకుంటే ఇంజన్ కడుపు మొత్తం కనబడుతుంది. అప్పుడు డ్రమ్ములో నీళ్ళు కాచి, ముందు గోరువెచ్చనివి, తర్వాత బాగా వేడివి, కొంచెం కొంచెంగా బ్లాకులోకి పోసింది. ఇనుము ఒళ్ళంతా వేడెక్కాక మళ్ళీ గాలి కొట్టింది. ముల్లు ఊగింది, మెల్లగా పడిపోవడం మొదలుపెట్టింది.

లైటు పట్టుకుని కిందకు దూరింది. ముందు పైకి చూసింది, సిలిండర్ల వైపు. పొడిగా ఉన్నాయి. పక్కకు చూసింది. టర్బోలో తిరిగిన ఆయిల్ మళ్ళీ చాంబర్లోకి దిగడానికి బ్లాకు పక్కన ఒక కంత తొలిచి పైపు బిగిస్తారు. ఆ కంత అంచున ఒక నీటి చుక్క ఊరింది, బరువెక్కింది, రాలింది. దాని వెనకే ఇంకొకటి.

పైపు విప్పింది. డ్రిల్లు వంకరపోయి, పక్కనే ఉన్న నీళ్ళ దారిని నెలవంకలా కోసేసింది. ఆ కోతను ఎవరో సీలింగు జిగురుతో పూడ్చారు. పైన నల్ల జిగురు, కొత్తది, ఇంకా మెత్తగా ఉంది. గోటితో కాస్త గీకితే దాని కింద బూడిదరంగు జిగురు, పాతది, రాయిలా ఎండిపోయింది.

గాస్కెట్ చేసిన పాపం ఏమీ లేదు. హెడ్డుకు గానీ, బోల్టులకు గానీ దీంతో సంబంధం లేదు. ఆమె ఆ బూడిదరంగు జిగురును వేలితో తడిమింది. ఆ జిగురు ఆమెకు తెలుసు. నాన్న వాడే రకం, అది మార్కెట్లో దొరకడం ఎప్పుడో ఆగిపోయింది.

బయటికొచ్చి బ్లాకు మూల ఉన్న కొత్త రంగును బ్లేడుతో గీకింది. మూడు చుక్కలు బయటపడ్డాయి. తన చుక్కలే. మధ్యది కాస్త కిందికి జారి ఉంటుంది, ఆమె చెయ్యి మొదటి నుంచీ అంతే.

"ఈ బ్లాకు ఎక్కడిది?" అని అడిగింది.

"మన షాపు వెనక గదిలోది. టార్పాలిన్ కింద ఉంటే చూశాను. గట్టి బ్లాకత్తా, ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. నాన్న మొదట వద్దన్నాడు. ఎందుకంటే చెప్పడు. నేను మొండికేస్తే సరేనన్నాడు. టర్బో పైపు మాత్రం తనే బిగించాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు."

పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేశానని ఆరేళ్ళ కిందట అన్న అందరికీ చెప్పిన బ్లాకు. కొన్ని దొంగతనాలు అలాగే దొరికిపోతాయి, సొమ్ము మీద ఆశ చావక. మేస్త్రమ్మకు అన్న బుద్ధి అంతా ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. డ్రిల్లు తప్పింది. పూడ్చాడు. ఆగలేదు. నింద చెల్లెలి మీద తోశాడు. అక్కడితో ఆగినా ఒక లెక్క. కన్న కూతురు అదే బ్లాకు ముందేసుకుని కూర్చుంటే, వద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి కాబట్టి, మళ్ళీ జిగురు రాసి పిల్లను కొండ మీదికి పంపడానికి సిద్ధపడ్డాడు.

తను ఏడుస్తానేమో అనుకుంది. ఏడుపు రాలేదు. ఒంట్లో ఏదో చల్లగా, హాయిగా పాకింది. ఆరేళ్ళ తర్వాత పగకు ఒక చిరునామా దొరికింది.

"ఏమైందత్తా? ఏం కనబడింది?"

"నేను చెప్పను. మీ నాన్నకు ఫోన్ చెయ్యి. కారు అత్త దగ్గరుంది, గాస్కెట్ కాదంటోంది అని చెప్పు. పరిగెత్తుకుంటూ వస్తాడు."

తనో ఫోన్ చేసింది, ఆ పాత డ్రైవరుకు. ఆరేళ్ళలో అతనికి ఫోన్ చేయడం అదే మొదలు. "ఒకసారి రండి, మీ మోకాలి సంగతి," అంది. ఎందుకని అడగకుండా వస్తానన్నాడు.

వాళ్ళు వచ్చేలోగా పైపు ఎలా ఉన్నదో అలాగే బిగించింది. నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచింది. మరిగేవే పోద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కింద ఉండబోయేది అన్న మొహం కదా. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె సిగ్గుపడలేదు. పోసింది మాత్రం చెయ్యి పట్టగలిగినంత వేడివే.

అన్న షెడ్డులోకి వస్తూనే గోడల వంక, రేకుల వంక చూసి పెదవి విరిచాడు. కూతుర్ని చూసి పళ్ళు నూరాడు. మూల స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్న డ్రైవరు కనబడేసరికి మాత్రం కాస్త తగ్గాడు.

"గాస్కెట్టే," అన్నాడు. "నీకు బాగా తెలిసిన జబ్బే కదా చెల్లీ."

"అవునన్నా, నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అయినా నేను చెప్తే ఎవరు నమ్ముతారు? నువ్వే కిందకెళ్ళి చూసి చెప్పు. పెద్ద మేస్త్రివి."

"పనిలేదా నాకు?"

"ఆదివారం నీ కూతురు కూర్చోబోయే ఇంజన్ అది. దాన్ని చూడ్డం కంటే పెద్ద పనా?"

కాదనడానికి దారి లేదు. కూతురు చూస్తోంది, డ్రైవరు చూస్తున్నాడు. అన్న చొక్కా నలగకుండా జాగ్రత్తగా కారు కిందకు జరిగాడు. మేస్త్రమ్మ రేడియేటర్ మూతి దగ్గర నిలబడి పంపు కొట్టింది. ఒకటి, రెండు, మూడు. అలా పంపు కొట్టడంలో ఇంత సుఖం ఉంటుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

మొదటి చుక్క అన్న బుగ్గ మీద పడింది. తుడుచుకున్నాడు. రెండోది కంటి పక్కన పడింది. తల తిప్పుకుందామంటే జాగా లేదు.

"ఎక్కణ్ణించి పడుతోంది?" డ్రైవరు కర్ర పట్టుకుని లేచి వచ్చి, మోకాలు వంగక నేల మీద ఒక పక్కకు చతికిలబడి తొంగిచూశాడు.

"పైనుంచే. గాస్కెట్లోంచి జారుతోంది."

"గాస్కెట్ అటువైపు. చుక్క పడేది పైపు దగ్గర," అన్నాడు డ్రైవరు. "కాలు పోయింది గానీ కళ్ళు ఉన్నాయయ్యా నాకు."

"పైపు విప్పి చూడు నాన్నా," అంది కూతురు.

"అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?"

పిల్ల పానా తీసుకుని తండ్రి పక్కనే కిందకు దూరింది. మేస్త్రమ్మ కదల్లేదు, చెయ్యి పంపు మీదే ఉంచింది. ఈ పని తను చేయకూడదని, పిల్లే చేయాలని ఆమెకు తెలుసు. పైపు ఊడిన చప్పుడు వినబడింది.

"ఈ నల్లది నువ్వు మొన్న రాసింది," అంది కూతురు గొంతు కారు కింద నుంచి. "బూడిదరంగుది ఎప్పటిది నాన్నా?"

అన్న బయటికి జరగడం మొదలుపెట్టాడు.

"డ్రైవరుగారూ," అంది మేస్త్రమ్మ, "ఆ బ్లాకు మూల చూడండి. చుక్కలు ఎన్నున్నాయి?"

అతను వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. "మూడు. ఇది ఆ బ్లాకా?" అన్నాడు. "తూకానికి ఇచ్చేశానన్నావు కదరా నువ్వు!"

అన్న కారు కింద నుంచి బయటికొచ్చాడు. జుట్టు తడిసింది, చొక్కా మీద కాఫీ మరకలు. ఎవరి వంకా చూడకుండా చేతులు తుడుచుకుంటూ, "డ్రిల్లు కొంచెం పక్కకు పోయింది," అన్నాడు. "పందెం నెత్తిమీదుంది. ఇంకో బ్లాకు లేదు. జిగురు ఆగుతుందనే అనుకున్నాను."

"ఆగలేదు కదా. అప్పుడైనా చెప్పొచ్చుగా?" అంది మేస్త్రమ్మ.

"నాన్న ఎదురుగా ఉన్నాడు. నావల్ల మనిషి కాలు పోయిందంటే షాపు నా చేతికిచ్చేవాడా? నువ్వయితే ఆడపిల్లవి, ఎలాగూ..." మాట మధ్యలోనే మింగేశాడు.

"మింగకు, చెప్పు. ఎలాగూ?"

కూతురు తండ్రి వంక చూస్తోంది. ఆ చూపులో కోపం కంటే లెక్క ఎక్కువుంది, తను ఎన్నిసార్లు ఆ కారులో కొండ దిగిందో గుర్తుచేసుకుంటున్నట్టుంది.

డ్రైవరు నేల మీద నుంచి లేవలేక చెయ్యి చాచాడు. అన్న అందుకోబోయాడు. డ్రైవరు ఆ చేతిని దాటించి తన చెయ్యి ఇటు తిప్పాడు. "కాస్త లేపు మేస్త్రమ్మా," అన్నాడు. లేచాక కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

మేస్త్రమ్మ అర లోంచి పంచ్, సుత్తి తీసి అన్న ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"నాన్న పద్ధతి. ఎవరు చేసిన పనికి వాళ్ళ చుక్కలు. ఆ కంత పక్కన నీవి బాకీ ఉన్నాయి."

"నలుగురిలో పరువు తీశావు, చాలదా?"

"చాలదు. కొట్టు."

అన్న వంగి పంచ్ ఆనించాడు. మొదటి దెబ్బ జారింది, ఇనుము మీద ఒక గీత మాత్రం పడింది.

"సరిగ్గా కొట్టు. దారిన పోయేవాళ్ళకు కనబడాలి," అంది ఆమె.

మళ్ళీ కొట్టాడు. రెండు చుక్కలు పడ్డాయి. సుత్తి కింద పడేసి, "ఇప్పుడు చల్లారిందా నీ కడుపు?" అన్నాడు.

"లేదు. నాన్నను తీసుకురా. ఇందాక చెప్పినట్టే ఆయన ముందు చెప్పు. అప్పుడు చల్లారుతుంది."

అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మం దాకా వెళ్ళి కూతురి కోసం ఆగాడు.

"నువ్వెళ్ళు నాన్నా," అంది పిల్ల వెనక్కి తిరక్కుండానే. "నాకిక్కడ పనుంది."

ఆ మాట విని మేస్త్రమ్మ సంతోషించింది. తండ్రీకూతుళ్ళ మధ్య చిచ్చు పెట్టానే అని ఎవరైనా బాధపడతారేమో గానీ ఆమె పడలేదు. తనకూ ఒక తండ్రి ఉండేవాడు.

ఆదివారం పందెం ఆ కారు లేకుండానే జరిగింది. అత్తా మేనకోడలూ ఇంజన్ దించి, ఇంకో బ్లాకు సంపాదించి, మళ్ళీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టారు. పాత బ్లాకును మేస్త్రమ్మ కడిగి, షెడ్డు బయట సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టింది. కంత ఉన్న పక్క రోడ్డు వైపు తిప్పి, పైన మూడు చుక్కలకూ, కంత పక్కన రెండు చుక్కలకూ తెల్లరంగు దిద్దింది. బళ్ళు బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళు అదేమిటని అడుగుతారు. ఆమె విసుక్కోకుండా ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెబుతుంది. కాఫీ అనే మాట ఆ వీధిలో ఇప్పుడు హోటల్లోనే వినబడుతుంది. అన్న షాపుకు పోయే దారి అదే. ఈమధ్య అతను గోదాముల వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాడని డ్రైవరు వచ్చి చెప్పాడు. ఆ పూట ఆమెకు అన్నం రుచిగా అనిపించింది.

కొత్త ఇంజన్ మూసిన రోజు మేనకోడలు పక్కన నిలబడి చూస్తుండగా మేస్త్రమ్మ హెడ్డు బోల్టులు వరసలో బిగించింది. ఇంజన్ వేడెక్కించింది, చల్లార్చింది, రెండోసారి బిగించింది. మూల మూడు చుక్కలు కొట్టింది. ఎప్పటిలాగే మధ్యది కిందికి జారింది. చేతులు కడుక్కుని, షెడ్డుకు తాళం వేసి, ఇంటికి నడిచింది.

సగం దారిలో కాళ్ళు అలవాటుగా ఆగాయి. వెనక్కెళ్ళి బోల్టులు ఇంకోసారి చూడాలి. ఆమె, "బిగించాను నాన్నా," అని పైకే అని, ముందుకు నడిచింది.